వంటచెఱకైన చెఱకు

మన మారిషస్ ద్వీపమున బొగ్గు గని లేదు. చమురు బావి లేదు. భూగర్భమున మండు వాయువు దొరకదు. ఆదియందు ఈ దీవికి ప్రకృతి యిచ్చిన యింధనము అడవి యొక్కటియే. ఆ యడవిని మూడు శతాబ్దములలో మనుష్యులు దాదాపు నిశ్శేషము గావించిరి. పిమ్మట ఈ దేశము దేనితో యంత్రమును త్రిప్పినది, దేనితో దీపమును వెలిగించినది అను ప్రశ్న చరిత్రకారులకు మాత్రమే సంబంధించినది కాదు. నెలనెలయు మన యిండ్లకు వచ్చు విద్యుత్తు బిల్లునకును దానితో సంబంధము కలదు.

తెలుగు భాషలో పొయ్యిలోని కట్టెకు వంటచెఱకు అను పేరు పూర్వమునుండి యున్నది. ఆ పేరు పెట్టినవారు మారిషస్ దీవిని ఎఱుగరు. అయినను ఈ గడ్డమీద ఆ మాట అక్షరాల నిజమైనది: రసము పోయిన చెఱకే ఇచ్చట పొయ్యిలోని కట్టె అయినది. విద్యుత్తును పొదుపు చేయుడు, ప్రకృతిని కాపాడుడు అని నేడు పత్రికలును ప్రభుత్వమును చెప్పుచున్న హితవులు మనకు క్రొత్తవిగ తోచుచున్నవి. కాని వానిలో ముఖ్యమైన సూత్రమును ఈ ద్వీపపు చక్కెర మిల్లు చాలకాలము క్రిందటనే నేర్చికొన్నది. ఆ చరిత్రమును సంగ్రహముగ చెప్పి, మిల్లు నేర్చిన దానిలో మన యిల్లు నేర్వదగిన దేమో చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

అడవి తఱిగిన విధము

డచ్చివారు 1598లో ఈ తీరమున దిగిరి, 1638లో స్థిరనివాసమేర్పఱచుకొనిరి. వారు ముఖ్యముగ ఆశించినది ఎబొనీ యను నల్లచేవ మ్రాను. ఇది మన ఆంధ్రదేశపు తుమికి చెట్టునకు దాయాది. 1639లో జావానుండి చెఱకును తెచ్చి యిచ్చట నాటినవారును డచ్చివారే. 1710లో వారు దీవిని విడిచి పోయిరి. 1715లో ఫ్రెంచివారు దీనిని స్వాధీనపఱచుకొనిరి. మాహే ద లబుర్దొనే గవర్నరుగ నున్న కాలమున, అనగా 1735 మొదలు 1746 వఱకు గల నడుమ, చక్కెర తయారు ఇచ్చట వేరూనుకొన్నది.

చెట్టు నఱికినచో వాన తగ్గును, వాగు ఎండును, మన్ను కొట్టుకొని పోవును అను సంగతిని ఆ కాలముననే గ్రహించిన యొక యధికారి కలడు. అతని పేరు పియేర్ పువావ్ర్. 1767 మొదలు 1772 వఱకు అతడు ఈ దీవికి పాలనాధికారిగ నుండెను. 1769లో వెలువడిన అడవుల నిబంధనలు అతని కాలమునాటివే. ప్రతి భూస్వామియు తన భూమిలో నాలుగవ వంతును, విశేషించి కొండవాలులను, అడవిగనే యుంచవలయునని ఆ నిబంధనలు విధించెను. నేడు లోకమంతటను వినవచ్చుచున్న పర్యావరణ రక్షణ యను మాటకు మూలములను వెదకు చరిత్రకారులు మన చిన్న దీవిలోని ఈ శాసనమును తప్పక స్మరించుచున్నారు.

శాసనము మంచిదే; కాని చక్కెర ధర దానికంటె బలమైనది. 1810లో ఆంగ్లేయులు దీవిని జయించిరి. 1825లో మారిషస్ చక్కెరకు ఇంగ్లండులో వెస్టిండీసు చక్కెరతో సమానమైన సుంకము నిర్ణయింపబడెను. నాటినుండి అడవులు కొట్టివేయబడి చెఱకు తోటలు విస్తరించెను. ఆ యడవులను తొలుత నఱికినవారు మడగాస్కరునుండియు ఆఫ్రికానుండియు తేబడిన బానిసలు. 1835లో బానిసత్వము రద్దయ్యెను. 1834 నుండియే ఒప్పందపు కూలీలుగ భారతీయులు రాసాగిరి. కొన్ని దశాబ్దములలో వారి సంఖ్య లక్షలకెక్కెను. ఆంధ్రతీరమునుండి వచ్చినవారిని ఇచ్చటివారు కొరింగ రేవు పేరును బట్టి కొరింగీలని పిలిచిరి. పోర్టులూయీ రేవున 1849లో కట్టబడిన వలసదారుల మజిలీ నేటికిని ఆప్రవాసీ ఘాట్ అను పేర నిలిచియున్నది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

చెఱకు పొలము కొఱకు అడవి పోయినది చాలక, చెఱకు రసమును కాచుటకును అడవియే కట్టెలైనది. నేడు మన దీవిలో చెడక మిగిలిన స్వదేశీయమైన యడవి మొత్తము విస్తీర్ణమున నూటికి రెండు పాళ్లకంటె తక్కువ. చక్కెర ధరను లెక్కించినవారు ఈ మూల్యమును ఏ పద్దునందును వ్రాసికొనలేదు.

ఆవిరిలోని రహస్యము

చక్కెర చేయుట యనగా నీటిని వెడలగొట్టుట. రసములో నూటికి 85 పాళ్లు నీరే. నూఱు కిలోల రసమును చిక్కని పాకముగ మార్చుటకు సుమారు 75 కిలోల నీటిని ఆవిరి చేయవలసియుండును. తొలినాటి మిల్లులలో ఒకే మంటమీద వరుసగ పెద్ద పెనములను నిలిపి, రసమును ఒక పెనమునుండి మఱియొక పెనమునకు తోడుచు కాచెడివారు. విశాఖపట్టణపు సీమలో బెల్లపు గానుగను చూచినవారికి ఈ పద్ధతి సుపరిచితము. పొయ్యిలో పుట్టిన వేడిమిలో కొంత పొగగొట్టముగుండ పోయెడిది. మిక్కిలి భాగము పెనముల పైనుండి తెల్లని యావిరియై ఆకాశమున కలిసిపోయెడిది.

ఇచ్చట ఒక ప్రకృతి సూత్రమును గమనింపవలయును. ఒక లీటరు నీటిని 25 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 0.09 యూనిట్ల శక్తి చాలును. కాని మరుగుచున్న ఆ నీటిని పూర్తిగ ఆవిరి చేయుటకు 0.63 యూనిట్లు కావలెను. అనగా మరిగించుటకంటె ఆవిరి చేయుటకు 7 రెట్లు వ్యయము. ఈ వ్యయమంతయు ఆవిరిలో దాగియుండును. అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనిని గుప్తోష్ణమని పేర్కొనిరి. ఆవిరి మరల నీరైనపుడు ఆ దాగిన వేడిమి యంతయు బయటపడును. తెఱచిన పెనమునుండి ఆవిరి పోవుచున్నదనగా, కట్టెలో మిక్కిలి భాగమును గాలిలో కాల్చుచున్నామని యర్థము.

ఈ రహస్యమును చక్కెర మిల్లునకు ప్రయోజనకరముగ చేసినవాడు నార్బర్ట్ రిల్యూ. ఇతడు 1806లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున జన్మించెను. తండ్రి తెల్లజాతివాడు, తల్లి నల్లజాతి సంతతికి చెందినది. పారిసు నగరమున చదివి, ఆవిరి యంత్రముల శాస్త్రమున నిపుణుడయ్యెను. 1843లోను 1846లోను అతడు పొందిన పేటెంట్లు చక్కెర పరిశ్రమను మార్చివేసెను. అతని యాలోచన సులభమైనది. మొదటి పాత్రలో రసమునుండి లేచిన యావిరిని గాలిలోనికి విడువక, గొట్టముద్వార రెండవ పాత్రకు పంపి, అందలి రసమును కాగించుట. రెండవదాని యావిరితో మూడవదానిని కాగించుట. తరువాతి పాత్రలలో గాలి పీడనమును తగ్గించినచో, అందలి రసము తక్కువ వేడిమికే మరుగును. ఇట్లు మూడు పాత్రలను కూర్చినచో, ఒక కిలో ఆవిరి సుమారు మూడు కిలోల నీటిని ఆవిరి చేయును.

బానిసత్వము చట్టబద్ధమైయున్న దేశమున, నల్లజాతి రక్తము గల యొక మనుష్యుడు, బానిసల చేతులు కాలుచుండిన ఆ మరుగు పెనములకు బదులుగ ఈ యంత్రమును కనుగొనుట స్మరింపదగిన విషయము. క్రమక్రమముగ ఈ పద్ధతి చక్కెర దేశములన్నిటికిని వ్యాపించెను, మారిషసునకును వచ్చెను. దీనికి తోడు ఇనుప రోళ్లు బలమైనవి వచ్చి చెఱకును గట్టిగ పిండుటచే పిప్పిలో తడి తగ్గెను. తడి తగ్గిన పిప్పి బాగుగ మండును. అప్పటినుండి మిల్లునకు అడవి కట్టెల యవసరము తీఱినది; తన పిప్పితో తానే నడువగలిగినది.

చెఱకు బరువులో సుమారు మూడవ వంతు పిప్పియగును. అది చాలుటయే కాక మిగులసాగెను. మిగిలిన పిప్పిని ఏమి చేయవలయునో తెలియక, కుప్పలు పేరుకొనునను భయముచే, బాయిలర్లను కావలెననియే తక్కువ పొదుపుతో మండునట్లు పలుదేశముల మిల్లులవారు అమర్చిరి. ఇంధనము ఉచితముగ దొరకినపుడు మనుష్యుడు ఎంత నిర్లక్ష్యముగ నుండునో దీనివలన తెలియుచున్నది. ఈ స్వభావము మిల్లువారికి మాత్రమే చెందినది కాదు.

పిప్పి విద్యుత్తైన వైనము

1952లో మన దీవియందు కేంద్ర విద్యుత్ సంస్థ స్థాపింపబడెను. 1957లో ఉత్తర ప్రాంతపు సెంటాంత్వాన్ మిల్లు తన యవసరమునకు మించిన విద్యుత్తును ప్రజల తీగలలోనికి పంపెను. పిప్పితో పుట్టిన వెలుగు మిల్లు గోడను దాటి యితరుల యిండ్లలో ప్రవేశించినది అప్పుడే. 1970 తరువాతి దశకమున ప్రపంచమున చమురు ధర రెండు మారులు, 1973లోను 1979లోను, విపరీతముగ పెరుగగా, చమురును కొని తెచ్చుకొను చిన్న దేశములు తల్లడిల్లెను. అప్పుడు పిప్పివైపు దృష్టి మరలెను. 1982లో తూర్పుభాగమున ఫ్లాక్ సీమలోని మిల్లు సంవత్సరము పొడుగునను విద్యుత్తు నిచ్చు కేంద్రమును నడుపసాగెను. 1991లో ప్రభుత్వము పిప్పి విద్యుత్తు కొఱకు ప్రత్యేక కార్యక్రమము నారంభించెను. 2000లో బెల్‌వ్యూ యందు 70 మెగావాట్ల కేంద్రము పనిచేయసాగెను. అధిక పీడనముగల క్రొత్త బాయిలర్లతో, ఒక టన్ను చెఱకు పిప్పినుండి 100 యూనిట్లకు మించిన విద్యుత్తును ప్రజలకు పంపుట సాధ్యమయ్యెను. పూర్వము పాఱవేయుటకు చోటు వెదకుకొన్న పదార్థమే ఇట్లు దేశపు ఆస్తియైనది.

చెఱకులో వ్యర్థమనదగినది మఱి యేదియు లేదు. రసమును తేర్చగా మిగిలిన మడ్డి పొలమునకు ఎరువగును. మొలాసిస్ నుండి సారాయము వచ్చును. కోత తరువాత ఎండుటాకు నేలమీద పఱచినచో తడిని నిలుపును, కలుపును అణచును.

కాని ఈ కథలో రెండవ ప్రక్కను కూడ చూడవలయును. చెఱకు కోత సుమారుగ జూన్ మొదలు డిసెంబరు వఱకే జరుగును. తక్కిన నెలలలో ఆ కేంద్రములు దిగుమతి చేసికొన్న బొగ్గును కాల్చినవి. క్రమముగ మన దీపములకు పిప్పికంటె బొగ్గే యెక్కువ శక్తి నిచ్చినది. ఇంతలో చెఱకే తగ్గసాగెను. 2006లో మొదలైన ఐరోపా సంస్కరణలచే అచ్చట మన చక్కెరకు లభించు ధర నూటికి 36 వంతులు తగ్గింపబడెను. ఒకప్పుడు 80,000 హెక్టార్లకు చేరువగ నుండిన చెఱకు భూమి నేడు అందులో సగమునకు లోబడినది. పందొమ్మిదవ శతాబ్దమున వందలకొలది యుండిన మిల్లులు నేడు మూడే మిగిలినవి. చెఱకు తగ్గినచో పిప్పి తగ్గును. పిప్పి తగ్గినచో ఆ లోటును ఓడలమీద వచ్చు నల్లబొగ్గును నల్లనూనెయు నింపును. ఇప్పటికే మన విద్యుత్తులో ఐదింట నాలుగు పాళ్లు అట్టి దిగుమతి యింధనము వలననే వచ్చుచున్నది. 2030 నాటికి బొగ్గును విడిచి, విద్యుత్తులో నూటికి 60 పాళ్లు తఱుగని వనరులనుండి పొందగలమని 2021లో మన ప్రభుత్వము ప్రపంచసభయందు ప్రకటించినది. ఈ లక్ష్యము మిల్లువలన మాత్రమే నెరవేరదు. ఇండ్లును చేయి కలుపవలయును.

ఇల్లు మారినది, వేడిమి పెరిగినది

మన యిండ్లలో విద్యుత్తు వ్యయము పెరుగుటకు ఒక చారిత్రక కారణము కలదు. తోటల కాంపులలో మన పూర్వుల యిండ్లు చాలవఱకు చెఱకుటాకు గాని గడ్డి గాని కప్పిన పాకలు. దళసరి గడ్డికప్పు ఎండను లోనికి రానీయదు. ఆ పాకలలోని దారిద్ర్యమును ఎవ్వరును పొగడనక్కఱలేదు. వాన కారును, నిప్పు అంటును, గాలి వచ్చినచో ఎగిరిపోవును. 1960 జనవరిలో అలిక్స్ అను తుపానును, ఫిబ్రవరి చివర కరోల్ అను తుపానును వచ్చినవి. కరోల్ గాలి గంటకు 256 కిలోమీటర్ల వేగమున వీచెను. పాకలును, రేకుల యిండ్లును, కొయ్య యిండ్లును వేలకొలదిగ నేలమట్టమయ్యెను. ఆ యేడు మొదలు గృహనిర్మాణము కాంక్రీటువైపు మరలెను.

కాంక్రీటు ఇల్లు ప్రాణములను కాపాడినది. కాని చదునైన కాంక్రీటు కప్పు పగలంతయు ఎండను త్రాగి, రాత్రి మన తలలమీద విడుచును. అప్పుడు పంకా వచ్చెను. నేడు చల్లయంత్రము వచ్చినది. పంకాకు 50 మొదలు 75 వాట్లు చాలును. చల్లయంత్రమునకు సాధారణముగ 1,000 వాట్లు కావలెను. తుపానుకు వెఱచి కట్టిన యింటికి వేడి వచ్చినది. వేడికి వెఱచి పెట్టిన యంత్రమునకు బొగ్గు కావలసినది. కరోల్ తుపాను నేటికిని మన బిల్లులలో కొంత కనబడుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇందుకు నివారణోపాయములు కష్టమైనవి కావు. కప్పుపై తెల్లని పూత పూసినచో ఎండలో మిక్కిలి భాగము తిరిగిపోవును. పడమటి గోడ దగ్గఱ ఒక చెట్టు గాని, కాకరపందిరి గాని యున్నచో సాయంకాలపు ఎండ గోడను తాకదు. ఎదురెదురు కిటికీలను తెఱచి యుంచినచో ఆగ్నేయపు గాలి యిల్లు దాటిపోవును. ఎండ యెక్కు సమయమున తెరలు వేసి, చల్లబడిన తరువాత కిటికీలు తీయవలయును. పంకా గాలిని చల్లబఱుపదు. మన శరీరమునకు మాత్రమే హాయి నిచ్చును. కావున మనుష్యులు లేని గదిలో పంకాను త్రిప్పుట వలన లాభము లేదు.

ఇచ్చట మనవారు గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఆంధ్రదేశము భూమధ్యరేఖకు ఉత్తరమున నున్నది. మారిషస్ దక్షిణమున నున్నది. అచ్చట సంవత్సరములో మిక్కిలి కాలము మధ్యాహ్న సూర్యుడు దక్షిణపు వైపున నుండును. ఇచ్చట ఉత్తరపు వైపున నుండును. డిసెంబరులో మాత్రము దాదాపు నడినెత్తికి వచ్చును. కావున ఎండ తగిలి కావలసిన సౌరఫలకమును, వేడినీటి తొట్టిని అచ్చట దక్షిణముఖముగ నిలుపుదురు. ఇచ్చట ఉత్తరముఖముగ నిలుపవలయును. బంధువులు పంపిన చిత్రమును చూచి అదే దిక్కున అమర్చుకొన్నచో ఎండ వృథాయగును.

2008లో ప్రభుత్వము గడియారమును కూడ సవరించి చూచెను. ఆ యేడు అక్టోబరు 26 మొదలు 2009 మార్చి 29 వఱకు దీవి యంతటను గడియారములు ఒక గంట ముందునకు త్రిప్పబడెను. సాయంకాలపు వెలుతురును వాడుకొని దీపముల వ్యయమును తగ్గించుట అందలి యుద్దేశము. ఆ యొక్క వేసవితోనే ఆ ప్రయత్నము ముగిసినది. భూమధ్యరేఖకు ఇంత చేరువగ నున్న దేశమున పగలు దీర్ఘమైన దినమునకును హ్రస్వమైన దినమునకును రెండున్నర గంటలే భేదము. కావున గడియారమును మార్చుటకంటె ఇంటిలోని మీటను మార్చుట సులభము.

మిల్లు సూత్రము, ఇంటి లెక్క

మిల్లు నేర్చిన మొదటి సూత్రము ఆవిరిని పోనీయకుండుట. మన వంటయింటిలో దీనికి సమానమైన సాధనము మూత. మూత లేని గిన్నెనుండి లేచు ఆవిరి, పైన చెప్పిన 7 రెట్ల వేడిమిని వెంటగొని పోవును. నీరు మరుగుట మొదలైన తరువాత ఎంత పెద్దమంట పెట్టినను అది 100 డిగ్రీలను దాటదు. ఆవిరి మాత్రమే హెచ్చుగ పోవును. కావున మరుగు రాగానే మంటను తగ్గించి మూత వేయవలయును. పీడనపు కుక్కరులో ఆవిరి బంధింపబడుటచే వేడిమి సుమారు 120 డిగ్రీలకు పోవును. అందుచే పప్పు త్వరగ ఉడుకును. పప్పును, శనగలను ముందుగ నానబెట్టినచో మఱింత త్వరగ ఉడుకును. అన్నము ఉడుకుటకు కొంచెము ముందే పొయ్యి నార్పి మూతతో నుంచినచో, మిగిలిన పని లోని వేడిమియే చేయును. ఈ యలవాట్లలో పెక్కింటిని మన అవ్వలు కట్టెపొయ్యి దగ్గఱ కట్టెల కఱవుచే నేర్చికొనియుందురు. గ్యాసు సులభముగ లభించుటచే మనము వానిని మఱచితిమి.

రెండవ సూత్రము: ఎండ చేయు పనికి వేఱు ఇంధనమును వ్యయపఱుపకుండుట. ముప్పది లీటర్ల స్నానపు నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 0.7 యూనిట్లు కావలెను. ఇంత విద్యుత్తుతో 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును దినమునకు 5 గంటల చొప్పున 15 దినములు వెలిగింపవచ్చును. ఒక దీపము నార్పుటకు శ్రద్ధ చూపువారు వేడినీటి విషయమున శ్రద్ధ చూపకపోవుట లెక్క తెలియకపోవుట వలననే. అందుచేతనే 2008లో ప్రభుత్వము సౌర జలతాపకములను పెట్టుకొను కుటుంబములకు 10,000 రూపాయల సహాయము నేర్పఱచెను. జలతాపకము లేనివారు నీటిగొట్టమునకు బదులు బకెట్టును వాడినను నీరును వేడిమియు రెండును మిగులును. నీటిని పంపుచేయుటకును విద్యుత్తు కావలెను గనుక నీటి పొదుపు విద్యుత్తు పొదుపే. బట్టలను చల్లని నీటితో ఉతికి దండెముమీద ఆరవేయుట మన దీవి గాలికి తగిన పద్ధతి.

మూడవ సూత్రము: అదే పనిని తక్కువ వ్యయముతో చేయు సాధనమును ఎన్నుకొనుట. పాత 60 వాట్ల బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఇచ్చును. దినమునకు 5 గంటలు వెలిగినచో మొదటిదానికి నెలకు 9 యూనిట్లు. రెండవదానికి ఒకటిన్నర యూనిట్‌కు లోపే. ఇక రేయింబవళ్లు పనిచేయు శీతలపేటిక సంగతి. దాని తలుపు సందున ఒక కాగితము నుంచి మూసి లాగి చూడవలయును. కాగితము సులభముగ జాఱి వచ్చినచో రబ్బరు పట్టీ వదులైనదని, లోని చలువ బయటికి పోవుచున్నదని తెలిసికొని దానిని మార్పింపవలయును. పేటికను గోడకు ఆనించక కొంత చోటు విడువవలయును. వేడి పదార్థములను చల్లార్చి లోపల పెట్టవలయును. వాడని యంత్రములకు గోడదగ్గఱనే మీట నార్పవలయును.

చెఱకుటాకు చేసిన యుపకారము

2020 జూలై 25వ తేదీన వకాషియో అను నౌక మన ఆగ్నేయతీరమున పువాంత్ దెస్నీ దగ్గఱ పగడపు దిబ్బకు కొట్టుకొన్నది. ఆగస్టు 6వ తేదీనుండి దాని యింధనము సముద్రమున కారసాగెను. సుమారు 1,000 టన్నుల నల్లనూనె మడుగులోను, మడ అడవులలోను వ్యాపించెను. అది మన దేశమునకు ఇంధనము తెచ్చుచున్న యోడ కాదు; మన దారిన పోవుచుండిన సరకు నౌక. అది కాల్చుకొనుటకు మోయుచున్న నూనెయే అంతటి నష్టము చేసినది. ఇంధనమును దూరదేశములనుండి ఓడలపై తెచ్చుకొని బ్రతుకు దీవులన్నియు ఈ యపాయము నెదుట నున్నవే.

ఆ దినములలో దీవి ప్రజలు, ఏ మతమువారు ఏ భాషవారు అను భేదము లేక, తీరమునకు పరుగెత్తిరి. వారి చేతిలో గొప్ప యంత్రములు లేవు. ఎండిన చెఱకుటాకును సంచులలోను వలలలోను కూరి, పొడవైన కట్లుగ కుట్టి, నీటిమీద తేలవేసి నూనెను అడ్డగించిరి. నాడు మన పూర్వుల యింటికి కప్పైన ఆ యాకే ఆనాడు సముద్రమునకు గట్టైనది. వ్యర్థమని తలచిన వస్తువు అవసరమునకు ఆదుకొనుట ఈ దీవి చరిత్రలో ఇది మొదటిసారి కాదు.

మన సంఘము చేయదగినది

కుటుంబములు వేఱువేఱుగ చేయు పనిని సంఘము కలిసి చేసినచో అది ఆచారమగును. మన పండుగ వంటలలో వందలమందికి పెద్ద గుండిగలతో వండుచున్నాము. ప్రతి గుండిగకును సరిపడు మూతను చేయించుట, పప్పును ముందటి రాత్రియే నానబెట్టుట అను రెండు నియమములను పెట్టుకొన్నచో గ్యాసు వ్యయము తగ్గుట మన లెక్కపుస్తకముననే కనబడును. భోజనమునకు అరటియాకు మనకు తరతరముల మర్యాద. 2016 జనవరి 1 నుండి ప్లాస్టిక్ సంచులను, 2021 జనవరి నుండి ఒకమారు వాడి పాఱవేయు ప్లాస్టిక్ పళ్లెములను ప్రభుత్వము నిషేధించినది. చట్టము వచ్చుటకు ముందే మన విస్తరి ఆ పనిని చేయుచున్నది. దానిని విడువకుండుటయే మన వంతు. భోజనానంతరము ఆ యాకులను చెత్తబండికి పంపక, ఆవరణలోనే ఒక గోతిలో వేసి ఎరువు చేసినచో మన పూలమొక్కలకు ఉపయోగపడును. అలంకారమునకు కట్టు విద్యుద్దీపమాలలను ఎల్.ఇ.డి. దీపములుగ మార్చి, జనులు ఇండ్లకు మరలిన పిమ్మట ఆర్పివేయు బాధ్యతను ఒకరికి అప్పగింపవలయును.

ఇవి చిన్నపనులని కొందఱు తలంపవచ్చును. ఒక యింటి పొదుపు చిన్నదే. కాని విద్యుత్తునకు గిరాకి మిక్కిలి హెచ్చిన గంటను తట్టుకొనుటకే విద్యుత్ సంస్థ అదనపు యంత్రములను నిలుపుకొనవలసి యుండును. వేసవి యుక్కలో అందఱును ఒక్కమారుగ మీటలు నొక్కు ఆ గంటలలో, లక్షల యిండ్లు కొద్దికొద్దిగ తగ్గించుకొన్నచో ఒక యంత్రము కదలవలసిన పని యుండదు. కొంత నల్లనూనె కాలవలసిన పని యుండదు. మిల్లులోని పొదుపును ఇంజనీర్లు చేసిరి. ఇంటిలోని పొదుపును ఇంటివారే చేయవలయును; వేఱొకరు చేయజాలరు.

కావున పాఠకులకు ఒక మనవి. వచ్చు ఆదివారము ఉదయమున మీ యింటి మీటరు చూపు సంఖ్యను ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ వారము ఎప్పటివలెనే గడపుడు. రెండవ ఆదివారము మరల వ్రాసికొని, ఆ దినమునుండి పైన చెప్పిన వానిలో మీకు సులభమని తోచిన మూడింటిని ఆచరింపుడు. మూడవ, నాలుగవ ఆదివారములలో సంఖ్యలను వ్రాసి పోల్చి చూడుడు. భేదమెంతయో మీటరే చెప్పును. పిల్లలున్న యిండ్లలో ఈ లెక్కను వారికి అప్పగించుట మేలు. చెఱకు తోటలో పనిచేసిన తమ ముత్తాతల కథను, మిల్లు తన యావిరిని మూడు మారులు వాడుకొన్న కథను వారికి చెప్పుటకు అది తగిన సమయము.